నెత్తురు మనది, నిధులు ఎవరివి?

సైన్యం డబ్బుతో జరిగే వైద్య పరిశోధన గురించి ప్రశ్న లేవనెత్తగానే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. డబ్బు విదేశానిదైతే ‘విజ్ఞానానికి సరిహద్దులు లేవు’ అంటారు. మన రక్షణ శాఖదైతే ‘దేశ భద్రత’ అంటారు. మొదటి జవాబు తలుపులు బార్లా తెరుస్తుంది, రెండవది లోపలి నుంచి గడియ పెడుతుంది. రెండు సందర్భాల్లోనూ గుమ్మం బయట మిగిలిపోయేది మాత్రం చెయ్యి చాపి రక్తం ఇచ్చిన మనిషే.

నాగాలాండ్‌లో మయన్మార్ సరిహద్దుకు చేరువగా, కిఫిరే జిల్లాలో మిమి అనే గ్రామం ఉంది. అక్కడి ఒక వంశం వారు తరతరాలుగా ఏటా గుహల్లోని గబ్బిలాలను వేటాడతారు. 2017లో పరిశోధకులు వెళ్ళి, వేటలో పాల్గొనే 85 మంది నుంచి రక్త నమూనాలు తీసుకున్నారు. ఎబోలా కుటుంబపు వైరస్‌లకు స్పందించే ప్రతిరక్షకాలు అక్కడి గబ్బిలాల్లోనూ, కొందరు మనుషుల్లోనూ కనిపించాయని 2019లో వారి పత్రం వెలువడింది. శాస్త్రపరంగా విలువైన పనే. అయితే రచయితల సంస్థల పేర్లు చదవండి: బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, సింగపూర్‌లోని డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల, అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయం, ఊహాన్ వైరాలజీ సంస్థ. నిధులిచ్చినవారిలో అమెరికా రక్షణ శాఖకు చెందిన డిఫెన్స్ థ్రెట్ రిడక్షన్ ఏజెన్సీ ఉంది. సామూహిక విధ్వంస ఆయుధాల ముప్పును ఎదుర్కోవడం ఆ ఏజెన్సీ పని.

2020 ఫిబ్రవరిలో ఈ సంగతి పత్రికలకెక్కింది. అనుమతుల మీద ఐసీఎంఆర్ విచారణ జరిపింది. నమూనాలు దేశం దాటలేదని, ఊహాన్ వారి పాత్ర పరీక్షా సామగ్రి ఇవ్వడం వరకేనని ఎన్‌సీబీఎస్ చెప్పింది. ఆ వివరణను నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం చర్చ నడిచిన తీరు మీద. అది మొత్తం ఊహాన్ అన్న ఒక్క పేరు పట్టుకుని వేలాడింది. చైనా ప్రయోగశాల పేరు వింటే ఉలిక్కిపడ్డ దేశభక్తులకు, అమెరికా రక్షణ శాఖ పేరు కంటికి ఆనలేదు. అనుమతి కాగితం ఉందా లేదా అన్నది గుమస్తా అడగవలసిన ప్రశ్న. ప్రజాస్వామ్యం అడగవలసినది వేరే ఉంది. ఒక దేశపు రక్షణ శాఖ మరో దేశపు మారుమూల పల్లె రక్తంలోని సమాచారం కోసం డబ్బు వెచ్చిస్తున్నదంటే, ఆ సంగతి ఆ పల్లెవారికి వారి భాషలో చెప్పవలసినది ఎవరు? వారు ఓటు వేసి పంపిన సభకు చెప్పవలసినది ఎవరు?

యాభై ఏళ్ళ కిందట మన పార్లమెంటు సరిగ్గా ఇదే అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ కలిసి అప్పట్లో ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన విభాగాన్ని నడిపేవి. డబ్బు అమెరికాది. అదీ పీఎల్-480 గోధుమల పద్దు కింద ఇక్కడే పోగుపడిన రూపాయలు! పిల్లలు పుట్టించలేని మగ దోమలను లక్షల్లో వదిలి దోమల సంతతిని తగ్గించాలన్నది ప్రకటిత లక్ష్యం. 1974లో పీటీఐ దీనిపై కథనం ఇచ్చింది. రాసినవారు విజ్ఞాన విలేఖరి కె.ఎస్. జయరామన్, ఆయన వెనుక నిలబడినవారు ప్రధాన సంపాదకులు సి. రాఘవన్. ఈ దేశాన్ని పీడిస్తున్నది ముఖ్యంగా మలేరియా, బోదకాలు అయితే, ఎల్లో ఫీవర్‌ను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ మీద ఇంత శ్రద్ధ ఎందుకన్నది వారి సందేహం. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు. దాన్ని మోయగల దోమ మాత్రం ఊరూరా ఉంది. ఆ దోమ ఎంత దూరం ఎగురుతుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది, ఏ కాలంలో ఎంత దట్టంగా పెరుగుతుంది అన్న లెక్కలు దోమను చంపదలచినవాడికి ఎంత అవసరమో, దోమ మీద రోగాన్ని ఎక్కించి పంపదలచినవాడికీ అంతే అవసరం.

జ్యోతిర్మయ్ బసు అధ్యక్షతన ఉన్న ప్రజా పద్దుల కమిటీ ఆ సందేహాన్ని చేతిలోకి తీసుకుంది. 1975 ఏప్రిల్ నాటి 167వ నివేదికలో దోమల విభాగాన్నే కాక, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వలస పక్షుల అధ్యయనానికి అమెరికా సైన్యపు నిధులు అందిన వైనాన్నీ పరిశీలించింది. హర్యానాలోని సోనీపత్‌లో జరగవలసిన ఏడిస్ దోమల విడుదల ఆగిపోయింది. ఆ ఏడాదే విభాగం మూతపడింది. నివేదిక వచ్చిన రెండు నెలలకు ఎమర్జెన్సీ వచ్చిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అలాంటి ప్రశ్నలకు అది చివరి వసంతం.

ఆ దోమలు ఆయుధాలని ఎవరూ రుజువు చేయలేదు. ఒక మంచి ప్రజారోగ్య ప్రయోగం అనుమానానికి బలైందని కీటక శాస్త్రజ్ఞులు అప్పుడూ బాధపడ్డారు, తరువాతా బాధపడ్డారు. వారి బాధలో న్యాయం ఉంది. అక్కడ పనిచేసిన భారతీయ శాస్త్రజ్ఞులను గూఢచారులుగా చూడడం అన్యాయం. కానీ 1950లలో అమెరికా సైన్యం తన సొంత గడ్డ మీదే, జార్జియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో, రోగం సోకని ఇదే జాతి దోమలను వదిలి అవి మనుషులను ఎలా చేరుకుంటాయో కొలిచి చూసింది. అలాంటి చరిత్ర ఉన్నవాడు పక్కింటి పెరట్లో దోమలు పెంచడానికి డబ్బిస్తే, ఎందుకని అడగకపోవడమే వింత. 1975 మార్చిలో అమల్లోకి వచ్చిన జీవాయుధ నిషేధ ఒప్పందం కూడా ఈ చిక్కు విప్పలేదు. రోగ నివారణకో, ఆత్మరక్షణకో చేసే పరిశోధనను అది అనుమతిస్తుంది. ఏది ఆత్మరక్షణో తనిఖీ చేసే యంత్రాంగం మాత్రం దానికి లేదు.

మన అనుమానానికి ఇంకా పాత వేరు ఉంది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు, యుద్ధకాలంలోనూ, ఇప్పటి పాకిస్థాన్‌లోని రావల్పిండిలో బ్రిటిష్ సైనిక శాస్త్రజ్ఞులు వందలాది భారతీయ సైనికుల మీద మస్టర్డ్ గ్యాస్ ప్రయోగించారు. పోర్టన్ డౌన్ ప్రయోగశాల నుంచి వచ్చిన బృందం అది. కొందరిని నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి పంపారు. భారతీయుల చర్మం తెల్లవారి చర్మం కన్నా ఎక్కువ కాలుతుందా, తక్కువ కాలుతుందా అన్నది వారు తేల్చుకోదలచిన విషయాల్లో ఒకటి. కాలిన గాయాలతో సైనికులు ఆసుపత్రుల పాలయ్యారు. మస్టర్డ్ గ్యాస్ క్యాన్సర్ కారకమని ఆ తరువాత లోకానికి తెలిసింది. ఆ సైనికులు ఏమయ్యారో వెతికి చూసినవారు లేరు. 2007లో గార్డియన్ పత్రిక బ్రిటన్ జాతీయ భాండాగారంలోని కాగితాలు వెలికితీసే దాకా మనకు ఈ కథే తెలియదు.

సైనిక వైద్యం వల్ల మేలు జరగలేదా? జరిగింది, మన ఊళ్ళోనే జరిగింది. 1897 ఆగస్టులో సికిందరాబాదు బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన సైనిక వైద్యుడు. తన ఒంటి మీద దోమలను కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. ఆ అణాను ఇవాళ్టి నీతితో తూచి తీర్పు చెప్పడం సులువు. నాకు తోచేది మరొకటి. ఎదురుగా ఉన్నది దొరల సైన్యపు డాక్టరని హుస్సేన్ ఖాన్‌కు తెలియకుండా ఉండే అవకాశం లేదు. మిమిలో సూది పట్టుకున్న చేతికి ఏ సైన్యపు గుర్తూ ఉండదు. గుర్తు నిధుల పేరాలో, పత్రం చివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ గుర్తును దాచితే ఏమవుతుందో పాకిస్థాన్ చూసింది. 2011లో బిన్ లాడెన్ జాడ కోసం సీఐఏ అబోటాబాద్‌లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకుంది. టీకాల మీద అప్పటికే ఉన్న అపనమ్మకానికి అది ఆజ్యం పోసింది. మరుసటి ఏడాది డిసెంబరులో కరాచీ, పెషావర్‌లలో పోలియో చుక్కలు వేసే కార్యకర్తలను కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇకపై టీకా కార్యక్రమాలను వాడుకోబోమని 2014లో వైట్ హౌస్ హామీ ఇచ్చింది. హామీ పోయినవారిని తీసుకురాదు కదా.

ఇంతవరకు పరాయివాళ్ళను అన్నాను. ఇప్పుడు మన ఇంటి సంగతి. కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, 2021 మేలో, డీఆర్‌డీఓ ప్రయోగశాల ఇన్మాస్, హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి తయారుచేసిన 2-డీజీ పొడి అత్యవసర వినియోగానికి అనుమతి పొందింది. రెండో దశలో 110 మంది, మూడో దశలో 220 మంది రోగుల మీద పరీక్షించామని రక్షణ శాఖ ప్రకటన చెప్పింది. పరీక్షలు జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. మూడో దశ ఫలితాలు శాస్త్ర పత్రికలో నిగ్గుతేలక ముందే రక్షణ మంత్రి, ఆరోగ్య మంత్రి పొట్లం విడుదల చేశారు. ప్యాకెట్ ధర 990 రూపాయలు. ఆక్సిజన్ కోసం రోడ్ల మీద పరుగెత్తుతున్న కుటుంబాలు దానికోసమూ పరుగెత్తాయి. ఆ మందు మంచిదా కాదా అని నేను తీర్పు చెప్పడం లేదు. మామూలు కంపెనీ మందును అడిగే ప్రశ్నలు సైనిక ప్రయోగశాల మందును ఎందుకు అడగలేదన్నదే నా వాదన. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్, రెండవ షెడ్యూలు డీఆర్‌డీఓకు మినహాయింపు ఇచ్చాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకే ఆ తలుపు తెరుచుకుంటుంది. క్షిపణికి రహస్యం అవసరం కావచ్చు. రోగి నోట్లో వేసే పొడికి ఏ శత్రువు నుంచి రహస్యం?

విదేశీ భాగస్వామ్యంతో జరిగే పరిశోధనలను ఆరోగ్య శాఖ పరిశీలక కమిటీ వడపోస్తుందని అధికారులు అంటారు. అది అధికారులు అధికారుల ముందు కూర్చునే గది. 1975లో కమిటీ చేసినట్టు ఎంపీలు కాగితాలు తెప్పించుకునే గది వేరు.

హైదరాబాదు ఇవాళ రక్షణ ప్రయోగశాలలకూ, ఔషధ కంపెనీలకూ ఒకేసారి రాజధాని. తెలుగు ఎంపీల్లో ఎవరికైనా నక్షత్ర గుర్తు ప్రశ్న వేసే తీరిక ఉంటే, పాఠం నేనే రాసి పెడుతున్నాను. ‘గత పదేళ్ళలో స్వదేశీ, విదేశీ రక్షణ శాఖల నిధులతో మన పౌరుల శరీరాలపై, రక్త నమూనాలపై జరిగిన పరిశోధనలెన్ని? అవి ఏ జిల్లాల్లో జరిగాయి? నిధుల మూలాన్ని పాల్గొన్నవారికి వారి భాషలో తెలియజేసిన సమ్మతి పత్రాల ప్రతులను సభ ముందు ఉంచుతారా? నమూనాలు ఇప్పుడు ఎవరి అధీనంలో ఉన్నాయి?’