మోకాళ్ల కోసం కాదు, పందెం కోసం

43 ఏళ్ల వయసులో ఈత నేర్చుకుంటానంటే మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. మోకాళ్ల నొప్పులకు మంచిదని డాక్టరమ్మ చెప్పింది కదా, వెళ్లమన్నారు. ఐదేళ్ల తర్వాత మాస్టర్స్ పోటీలకు పేరిస్తున్నానని చెప్పిన రోజు మాత్రం అందరూ నా మొహంలోకి వింతగా చూశారు. "ఈ వయసుల పందేలేంది వదినా, ఎవరన్న జూస్తే నవ్వుతరు" అంది మా ఆడబిడ్డ. నీళ్లు అవే, ఒళ్లు అదే. వైద్యమైతే ఫరవాలేదు, సరదా అయితేనే తప్పయింది.

మాది కుసుమంచి. పక్కనే నిజాం కాలం నాటి పాలేరు జలాశయం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చి చేరేది అందులోకే. నీళ్లకు కొదవలేని చోట పెరిగాను. మా అన్నదమ్ములు నడుముకు బెండు కట్టుకుని మోటబావిలో దూకి, ఒక్క ఎండాకాలంలో ఈత నేర్చేశారు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాశాను. బిందెలు మొయ్యడం, బట్టలుతకడం, బర్రెల్ని కడగడం మా వంతు. నీళ్లతో మా ఆడవాళ్లకున్నది చాకిరీ సంబంధమే. ఈత వస్తే ప్రాణం దక్కుతుందంటే ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. (2024 సెప్టెంబరులో పాలేరు పొంగినప్పటి ప్రవాహంలో గజ ఈతగాళ్లయినా నిలవలేరు, అది వేరే సంగతి.) నేను మాట్లాడేది ఆ అవసరం గురించి కాదు, సంతోషం గురించి.

నా మొదటి పోటీ 50 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్. దిమ్మ మీంచి దూకడమంటే నాకు భయం. మాస్టర్స్ పోటీల్లో నీళ్లలో నిలబడి గోడను తన్ని బయల్దేరినా ఒప్పుకుంటారు, అలాగే చేశాను. విజిల్ పడింది. ఆ తర్వాత కూరలో ఉప్పు వేశానో లేదో, అబ్బాయి ఫీజు కట్టామో లేదో, ఏదీ గుర్తు లేదు. తల పైకెత్తిన ప్రతిసారీ పక్క లైన్లో ఒక ఎర్ర టోపీ కనిపించేది. దాన్ని దాటాలి, అంతే. రెండు చేతులూ ఒకేసారి గోడకు తాకించకపోతే అనర్హులం. తాకించి, ఆయాసంతో పైకి చూస్తే నా టైము: ఒక నిమిషం 14 సెకన్లు. ఆ ఎర్ర టోపీ నాకంటే ముందే చేరిపోయింది. అయినా ఇంటికెళ్లే దాకా ఆ అంకె నన్ను వదల్లేదు. మా ఆయన జీతం కాదు, పిల్లల ర్యాంకు కాదు. నా సొంత అంకె. ఆరు నెలలకు దాన్ని 71 సెకన్లకు తగ్గించాను. మూడు సెకన్లే కదా అనుకునేవారు ఒక్కసారి ఈది చూడాలి.

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదు. ప్రపంచ మాస్టర్స్ ఈత పోటీలు 1986లో టోక్యోలో మొదలయ్యాయి. 25 ఏళ్ల నుంచి ఐదేళ్లకొక గ్రూపు, సాటి వయసు వాళ్లతోనే పోటీ. మన దేశంలోనూ జాతీయ స్థాయిలో జరుగుతాయి, 2023లో మంగళూరులో జరిగాయి. జపాన్‌కు చెందిన మియెకో నగావొకా 80 దాటాక, అదీ మోకాళ్ల కోసమే ఈతకు దిగింది. 2015లో, 100 ఏళ్ల వయసులో 1500 మీటర్ల పోటీ పూర్తి చేసింది. వైద్యం పందెమైంది! మన సామర్లకోట మనిషి గోలి శ్యామల పెద్దయ్యాక ఈత నేర్చుకుని, 2021లో దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదింది. 52 ఏళ్ల వయసులో, 2025 జనవరి మొదట్లో, విశాఖ నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్ల సముద్రపు ఈత ముగించింది. అది సాహసం, అందరికీ సాధ్యం కాదు. సాహసవంతురాలికి దండలు వేస్తాం సరే, 50 మీటర్లు ఈది పొంగిపోయే మామూలు ఆడదాని సంగతేమిటి?

ఆమెకు ముందు కొలను దొరకాలి. నేను నేర్చుకున్న చోట మగవాళ్లకు పొద్దున, సాయంత్రం కలిపి ఐదు బ్యాచ్‌లుండేవి. ఆడవాళ్లకు ఒక్కటి, పదకొండు గంటలకు. ఉద్యోగం చేసే మనిషి పదకొండుకు ఎలా వస్తుంది? అడిగితే "ఆడవాళ్లు ఎక్కువ రారు కదమ్మా" అన్నారు. రాలేని వేళ పెట్టి, రావడం లేదనడం! ఇక బట్టల గొడవ. చుడీదార్‌తో దిగనివ్వరు. ఈత దుస్తులంటే ఏవేవో ఊహించుకుని చాలామంది గేటు దగ్గరి నుంచే వెనక్కి పోతారు. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఉండే సూటును అంతర్జాతీయ పోటీ నిబంధనలే ఒప్పుకుంటాయని వాళ్లకెవరూ చెప్పరు.

మన సంఘాల్లోనూ ఈ మాట ఎత్తితే, కూలి రేట్లూ గృహహింసా ఉండగా ఈతా అంటారు. నాకూ ఆ సందేహం ఉండేది. కానీ కూలికి పోయే ఆమెకు విశ్రాంతి అక్కర్లేదని, ఆట అక్కర్లేదని నిర్ణయించింది ఎవరు? ఎనిమిది గంటల పని అడిగిన వాళ్లు మిగతా గంటలు గిన్నెలు తోముకోవడానికి అడగలేదు. జిల్లాలో కొలను ఉన్న ప్రతిచోటా తెల్లవారి ఆరింటికో రాత్రి ఏడింటికో ఆడవాళ్ల బ్యాచ్, నేర్పడానికి ఒక మహిళా కోచ్, పాలేరు ఒడ్డున లోతు కొలిచి కంచె వేసిన ఒక మూల, ఇవి అడుగుదాం.

మొన్న నాకు 50 నిండాయి. వచ్చే పోటీలకు 50-54 గ్రూపులోకి మారాను. ఆ గ్రూపులో ఇప్పుడు నేనే చిన్నదాన్ని. ఎర్ర టోపీ ఆమె ఇంకా పాత గ్రూపులోనే ఉంది.