వయ్యారిభామను పూతకు ముందే పట్టుకుందాం

తొలకరి పడిందంటే గట్ల మీద, రోడ్ల వెంట, బీళ్లలో వయ్యారిభామ మొలుస్తుంది. నడుమెత్తు పెరిగి తెల్లగా పూశాక దాన్ని పిల్లలు కూడా గుర్తుపడతారు. కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొచ్చే ఈ మొక్క ఏపుగా పెరిగితే ఒక్కటే 15 వేలకు పైగా గింజలు రాలుస్తుంది. కాబట్టి లేతగా ఉన్నప్పుడే గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

లేత మొక్క ఆకులు నేలకు అంటుకుని చుట్టూ పరుచుకుంటాయి. అంచులు లోతుగా చీలి క్యారెట్ ఆకులా కనిపిస్తాయి. ముట్టుకుంటే సన్నని నూగు తగులుతుంది. పైకి లేచాక కాండం మీద నిలువు గాళ్లు కనిపిస్తాయి. మాచిపత్రి అని పొరబడేవాళ్లూ ఉన్నారు. మాచిపత్రి ఆకు నలిపితే సువాసన వస్తుంది, ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. దీనికి ఆ రెండూ ఉండవు.

పశువులు మేయని పిచ్చిమొక్కే కదా అని వదిలేయలేం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు దెబ్బతీసింది. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడి గాలికి వచ్చి పైరు మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకిన చోట వైరస్ లోపలికి వెళ్తుంది. పూత రాకుండా పీకేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామపై అవగాహన వారోత్సవాలు జరుపుతున్నారు. మంచిదే. కానీ జూన్ వానకు మొలిచిన మొక్క ఆగస్టు నాటికి పూసి గింజ కూడా రాల్చేస్తుంది. గింజ రాలాక ర్యాలీలు తీస్తే ఏం లాభం?

మన గట్లు మనమే శుభ్రం చేసుకుందాం. అయితే పక్కనున్న రోడ్డు, పోరంబోకు, కాలువ గట్టు ఎవరి బాధ్యత? తొలకరి పడిన మూడు వారాల్లో అక్కడి మొక్కలను వేళ్లతో సహా పీకించాలని పంచాయతీలను, ప్రభుత్వ శాఖలను డిమాండ్ చేస్తున్నాం. ఈ మొక్క తగిలితే ఒళ్లు దురద పెడుతుంది, పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తుంది. అందుకే పీకే కూలీలకు కూలి డబ్బుతో పాటు చేతి తొడుగులు, మాస్కులు కూడా ఇవ్వాలి.