పళ్ళు లెక్కపెట్టి కొనండి

అరటిపళ్ళ సంగతి కాదు లెండి. వాటిని మనం ఎలాగూ లెక్కపెట్టే కొంటాం. నేను చెప్పేది సైకిలు పళ్ళ గురించి.

వంకాయని నాలుగుసార్లు తిప్పి చూసి, పుచ్చు లేదని తేలాక గానీ సంచిలో వేసుకోం. చీర రంగు దిగుతుందేమోనని అడిగి అడిగి కొట్టువాణ్ణి విసిగిస్తాం. అదే అమ్మాయికి సైకిలు కొనేటప్పుడు మాత్రం రంగు, బుట్ట, ధర చూసి ఊరుకుంటాం. "లేడీస్ సైకిలేనమ్మా" అంటాడు షాపువాడు. ఏమిటయ్యా అందులో లేడీస్? చీరలకీ పావడాలకీ అడ్డం రాకుండా ముందు బారుని కిందికి వంచారు, అంతేగా! తొక్కే బరువు సంగతి ఎవరాలోచించారు?

గేరు లేని సైకిలు అంటాం గానీ అది ఉత్తమాట. గేరు ఒకటుంది, మార్చే మీట లేదంతే. పెడళ్ళ దగ్గరి పెద్ద చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రమైతే బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. వెనక 22 పళ్ళది వేస్తే సరిగ్గా రెండు చుట్లు, నాలుగున్నర మీటర్లు. దూరం తగ్గింది, నిజమే. కానీ కాలిమీద పడే బరువు కూడా ఇంచుమించు ఐదో వంతు తగ్గింది.

"చదునైన నేలకి ఇదంతా ఎందుకండీ, కొండలెక్కాలా?" అంటారు మగవాళ్ళు. నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె ఉంది. అక్కడ కొండ లేదు, గాలి ఉంది. నేల వేడెక్కాక మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. బిట్రగుంట వైపు నుంచి సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే పిల్లకి ఆ గాలి మొహానికే కొడుతుంది. దానికి తోడు వెనక పుస్తకాల మోత. ఆ గాలే ఆ పిల్లకి కొండ!

ఆయాసపడే పిల్లని చూసి మనం చెప్పే తీర్పు ఏమిటి? "ఆడపిల్ల, కాళ్ళలో సత్తువ లేదు." నాలుగు రోజులకి సైకిలు వసారాలో చేరుతుంది, దానిమీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఆపైన పిల్ల బస్సు కోసమో, దిగబెట్టే తమ్ముడి కోసమో కాసుక్కూచోవాలి. వాడికి తీరకపోతే ఆ పూట బడి లేదు. నాలుగు పళ్ళ తేడా చదువుకే ఎసరు పెట్టింది!

సత్తువ లేదట! 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి రాష్ట్రాన్నే కదిలించారు. సత్తువ లేకేనా?

అందరికీ 22 పళ్ళే వేయించమనడం లేదు. గాలి వెనకనుంచి వీచినప్పుడు కాళ్ళు గిరగిరా తిరుగుతాయే గానీ వేగం అందదు. బాగా అలవాటైన పిల్లకి 18 హాయిగా ఉండొచ్చు. టైర్లలో గాలి, చైనుకి నూనె, సీటు ఎత్తు సరిచూశాక, ఎదురుగాలి వేళ ఓ మైలు తొక్కించి చూడండి. సీటుమీంచి లేచి తొక్కాల్సి వస్తే వెనక పళ్ళు పెంచాలి. కాళ్ళు ఊరికే పరిగెడుతుంటే తగ్గించాలి. ఫ్రీవీలు మార్చడం మామూలు సైకిలు షాపులో అయ్యే పనే. అవసరమైతే చైనుకి ఓ రెండు లింకులు కలుపుతాడు. కొత్త సైకిలు ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటి?

ఈసారి షాపువాడు "లేడీస్ సైకిలమ్మా" అంటే, "వెనక ఎన్ని పళ్ళు బాబూ?" అని అడగండి. తెల్లమొహం వేస్తే, వంగి మీరే లెక్కపెట్టండి. పిల్ల కాళ్ళకి వంక పెట్టేముందు ఆ మాత్రం వంగితే తప్పులేదు.