శుభలేఖకు చీకటి ముసుగెందుకు?

పెళ్లిళ్ల కాలం వస్తే చాలు, కార్డుల దుకాణాల్లో నిలబడే చోటుండదు. హైదరాబాద్ ఛత్తాబజార్‌లోనైనా, చిన్న ఊళ్లో బస్టాండు పక్కనున్న ప్రెస్సులోనైనా ఇప్పుడు తరచూ కనిపిస్తున్నవి ముదురు రంగు కవర్లు. నేరేడుపండు రంగు, నెమలికంఠం నీలం, మెరూన్, ఆఖరికి నలుపు కూడా! పైన బంగారు రంగు వినాయకుడు. చూడ్డానికి పట్టుచీరలా ఉంటుంది, కాదనను. కానీ శుభలేఖ బీరువాలో దాచుకునే చీర కాదు కదా! అది ఊళ్లు దాటి వెళ్లాలి. దాని మీది చిరునామాను మనమెవరమో తెలియని నలుగురు చదవాలి.

నలుపు శుభానికి పనికిరాదని మన పెద్దలు అనేవాళ్లు. నేను ఆ నమ్మకం జోలికి పోవడం లేదు. నా బాధల్లా ఒకటే, చిరునామా కనిపించాలి.

కవరు డబ్బాలో పడ్డాక ఏం జరుగుతుందో ఆలోచించండి. ఒకరు ముద్ర కొడతారు. ఒకరు ఊళ్లవారీగా వేరు చేస్తారు. చివరికి పోస్ట్‌మాన్ ఇంటింటికీ తెస్తాడు. వీళ్లందరికీ దారి చూపేది పిన్‌కోడే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల్లో మొదటి రెండూ 50 అయితే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్. చివరి మూడంకెలు ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసువి. మెరూన్ కవరు మీద నీలం బాల్‌పెన్నుతో రాసిన 1 ఏదో 7 ఏదో ట్యూబులైటు కింద ఎవరికి తెలుస్తుంది? బంగారు రంగు జెల్ పెన్నుతో రాస్తే వెలుతురులో తళుక్కుమంటుందే తప్ప అక్షరం నిలవదు. ఇక శ్రావణమాసం ముహూర్తమైతే వానచినుకులకు అదీ చెదిరిపోతుంది.

మనుషుల సంగతి సరే, యంత్రాలదీ ఇదే గోల. అమెరికాలో చిరునామాను యంత్రమే చదివి, కవరు అడుగున గీతల గుర్తు అచ్చు వేస్తుంది. లేత రంగు మీద ముదురు సిరా ఉంటేనే దానికి చదవడం తేలిక. పైగా అక్కడ చదరపు కవరుకు అదనపు రుసుము. అక్కడి తెలుగువాళ్లు తమ ఊళ్లో కార్డులు పంచేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

ఇంతకీ పోయేది ఒక కార్డేనా? మాకు తెలిసిన ఒకింట్లో జరిగింది చెబుతాను. పెళ్లికూతురి మేనత్తది దూరపు ఊరు. ఆవిడ మేనకోడలికి పెట్టడానికి చీర కూడా కొని ఉంచుకుంది. నీలం కవరు పెళ్లయిన పన్నెండో రోజున చేరింది. కార్డు పంపాం కదా అన్న ధీమాతో వీళ్లు ఫోను చెయ్యలేదు. పిలవని పేరంటానికి ఎలా వెళ్తానన్న రోషంతో ఆవిడా చెయ్యలేదు. నింద మాత్రం ఎవరి మీద పడిందంటారు? "వదినకి ఆడపడుచుని పిలవాలని లేదు" అన్నారంతా! కవరు రంగు ఎంచింది పెళ్లికూతురి తండ్రీ అన్నయ్యా. మాట పడింది తల్లి.

మన ఇళ్లల్లో ఎప్పుడూ ఇంతే. కార్డు ఎంపిక మగవాళ్లది, పిల్లలది. రాత్రిళ్లు కూర్చుని రెండు మూడొందల చిరునామాలు రాయడం, మూలలకు పసుపు అద్దడం మనది. ఎవరికైనా అందకపోతే సంజాయిషీ చెప్పుకోవడం కూడా మనదే. అందుకే ఎంపిక దగ్గర కూడా మన మాట వినిపించాలంటాను.

"వాట్సాప్‌లో పంపేస్తే పోలా?" అంటారు పిల్లలు. పంపండి. కానీ పోస్టులో కార్డు పంపేది ఎవరికి? ఎక్కువగా ఫోనులో బొమ్మ తెరవడం చేతకాని పెద్దవాళ్లకే. వాళ్లు ఆ కార్డును కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టుకుంటారు. ఆలస్యమైతే నొచ్చుకునేదీ వాళ్లే. అన్నట్టు, నల్లటి కవరుకు పసుపు రాసి చూశారా? మట్టి మరకలా ఉంటుంది!

ముచ్చట తీర్చుకోవద్దని నేననను. లోపలి కార్డు మీకిష్టమైన రంగులో వేయించుకోండి. పై కవరు మాత్రం తెలుపో, మీగడ రంగో, లేత పసుపుపచ్చో ఎంచండి. ముదురు కవర్లు ఇప్పటికే కొనేశారా? చిరునామా ఉన్నంత మేర తెల్ల కాగితం అంటించి, నల్ల సిరాతో రాయండి. పిన్‌కోడు అంకెలు విడివిడిగా వెయ్యండి. మీ చిరునామా కూడా రాయండి, చేరకపోతే వెనక్కి రావడానికి దారుంటుంది. రేకు వినాయకుడు, పూసల తాడు ఉంటే పోస్టాఫీసులో తూకం వేయించాకే స్టాంపులు అంటించండి. తప్పనిసరిగా అందాల్సినవాళ్లకు స్పీడ్ పోస్టు చెయ్యండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా అందులోనే కలిసిపోయింది.

కవరు అందం చూసినవాళ్లు నిమిషంలో మరిచిపోతారు. పిలుపు అందనివాళ్లు ఏళ్ల తరబడి మరిచిపోరు. ఈసారి దుకాణదారు నల్లకవరు తీసి ముందు పెడితే, మీ పెన్ను తీసి దాని మీద ఒక పిన్‌కోడు రాసి, చేతికందినంత దూరంలో పెట్టి చదవమని ఆయన్నే అడగండి. ఏమంటారు?