మన కాంప్లెక్సుల మీద కురిసే వాన ఎవరి అమానత్?



గత ఏప్రిల్‌లో పిల్లల్ని తీసుకుని అరకు వెళ్లాను. విశాఖలో ఉండే మనలాంటి కుటుంబాలకు అరకు అంటే బొర్రా గుహలు, కాఫీ పొడి, దారిలో నాలుగు ఫొటోలు. మాకూ అంతే. కానీ అనంతగిరి ఘాట్‌లో కారు వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్‌లో పోయడానికి నీళ్ల కోసం బాటిల్ పట్టుకుని రోడ్డు దిగాను. బండల మధ్య ఒక ఊట కనబడింది. ఇద్దరు గిరిజన ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. సన్నగా ఊరుతున్న నీటిని చిన్న గిన్నెతో తోడి పోసుకుంటున్నారు. నన్ను చూసి పెద్దావిడ తన బిందె పక్కకు జరిపి, ముందు నా బాటిల్ నింపింది.

"ఎండాకాలం కదా బాబూ, ఊట తగ్గిపోయింది. మీకేం, ఊళ్లో కుళాయి తిప్పితే వస్తాయి కదా" అంది.

అవునన్నాను. ఆ "అవును" ఇంటికొచ్చాక గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

మన కుళాయిలో నీళ్లు ఎక్కడివి? గోస్తనీ నది ఆ అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. బొర్రా గుహల గుండా పారి, విజయనగరం జిల్లా తాటిపూడి రిజర్వాయర్‌కు చేరుతుంది. 1960లలో కట్టిన ఆ రిజర్వాయర్ నుంచి విశాఖకు నీళ్లు వస్తాయి. శారదా నది మీద ఉన్న రైవాడ నుంచి కూడా వస్తాయి. అంటే మనం వుజూ చేసే నీళ్లు, బిర్యానీకి బియ్యం కడిగే నీళ్లు కొంతవరకు ఆ తూర్పు కనుమల మీద కురిసిన వానే.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. మనం వాడటం వల్లే ఆ ఊట తగ్గిందని నేను అనడం లేదు. కొండ వాలు మీద వాన నిలవదు, అడవి పలచబడితే అసలే నిలవదు. కొన్ని గూడేలకు ఊట నుంచి పైపు వేసి, మోటారు లేకుండా పల్లానికి నీళ్లు దింపే ఏర్పాట్లున్నాయి. ఊట ఎండితే ఆ పైపూ ఎండుతుంది. నేను అనేది వేరు. కొండ నీళ్ల మీద బతికే ఊరు, తన నెత్తిన పడిన వానను పారబోసుకోవడం నాశుక్రీ. ముందు తనకు దొరికింది పట్టుకోవాలి, తర్వాతే పక్కవాడి దగ్గర చెయ్యి చాపాలి.

నా స్టేషనరీ షాపు ఉన్న కాంప్లెక్స్ సంగతి చెబుతాను. పైన చదునైన స్లాబు, సుమారు 600 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన దగ్గర ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే, ఆ స్లాబు మీద 6 లక్షల లీటర్లు. ఆవిరికీ, వృథాకూ అయిదో వంతు తీసేసినా 4 లక్షల 80 వేలు మిగులుతాయి. 5,000 లీటర్ల టాంకర్లయితే 96. అవన్నీ పైపులోంచి రోడ్డు మీదకు, కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. మే నెల రాగానే అదే కాంప్లెక్స్ మెట్ల దగ్గర టాంకర్ ఆగుతుంది. డబ్బులు షాపుకింత అని మేమే వేసుకుంటాం.

ఇంకుడు గుంత లేదా అంటే, ఉండేది. ప్లాన్ అప్రూవల్ కోసం తవ్వారు, ఫొటో తీశారు. ఏడాది తిరక్కుండా దాని మీద టైల్స్ వేసి బైకుల పార్కింగ్ చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. వాన నీటి సేకరణ ఇళ్లకే కాదు, వాణిజ్య భవనాలకూ వర్తిస్తుందని చెప్పింది. చట్టం కాగితం మీద ఉంది, దాని మీద మన బైకులున్నాయి.

పొరుగున చెన్నైని చూడండి. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు. అయినా 2018లో వానలు సరిగా పడకపోయేసరికి, 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయాయి. దీన్నిబట్టి గుంతలు దండగ అనుకోకూడదు. హుకుం ఒక్కటే చాలదు, పూడిక తీసేవాడు, జాలీ కడిగేవాడు ప్రతి ఏడాదీ ఉండాలి అన్నదే సబఖ్.

ఇళ్ల కంటే ముందు కాంప్లెక్సులనే ఎందుకు అంటున్నానంటే, వాటి పైకప్పు పెద్దది, నిర్ణయం ఒక ఓనరుదో ఒక కమిటీదో. పైగా అక్కడ నీళ్లు ఎక్కువగా వాడేది బాత్రూములకు, నేల కడగడానికి. దానికి తాగే నీళ్లంత శుద్ధి అక్కర్లేదు. తొలి జల్లుల మురికి నీటిని బయటికి వదిలేసి, కంకర, ఇసుక, బొగ్గు వేసిన ఫిల్టర్ గుండా సంపులోకి పంపితే చాలు. సంపు నిండాక మిగిలింది ఇంకుడు గుంతలోకి పోవాలి. గుంత మాత్రం సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. "నాలుగు నెలల వానను ఏడాదంతా ఎక్కడ దాస్తాం భాయ్?" అని అడుగుతారు. సంపులో దాచేది కొంచెమే, మిగతాది భూమిలో దాస్తాం. మనది సముద్రం ఒడ్డు. బోర్లతో తోడడమే తప్ప నింపడం లేకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. అప్పుడు బోరు ఉన్నా లేనట్టే.

ఈ మాట మన మస్జిద్ కమిటీలకు మరీ వర్తిస్తుంది. చాలాచోట్ల మస్జిద్ ఆదాయం కోసం కింద షాపులు కట్టాం. ఆ కప్పు వక్ఫ్ అయితే, దాని మీద పడే నీరూ అమానతే కదా? కాబా పైకప్పు నీరు జారడానికి మీజాబె రహ్మత్ ఉంది. హజ్‌కు వెళ్లినవాళ్లు దాన్ని ఎంత అదబ్‌తో చూస్తారో మనకు తెలుసు. మన మస్జిద్ కప్పు మీది నీటిని మాత్రం మోరీలోకి వదులుతున్నాం. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వ సల్లం ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని సహీ హదీసుల్లో ఉంది. ముద్ అంటే లీటరు కూడా కాదు. నేను కుళాయి కింద బకెట్ పెట్టి నా వుజూ కొలిచాను. 6 లీటర్లు! సిగ్గేసింది. ఆ లెక్కన కూడా మా కాంప్లెక్స్ అంత కప్పు 80,000 వుజూలకు నీళ్లిస్తుంది.

అరకులో లేస్తున్న హోటళ్లకూ ఇదే మాట. అక్కడ టూరిస్టు స్నానం చేసేది గూడెం ఊట పక్కనే అని గుర్తుంచుకోవాలి. ఇది హుకూకుల్ ఇబాద్ విషయం.

మా అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాట పెట్టాను. ఇద్దరు సరేనన్నారు. మిగతావాళ్లు చూద్దామన్నారు. ఈసారి టాంకర్ బిల్లు వచ్చిన రోజే మళ్లీ అడుగుతాను, ఇన్షా అల్లాహ్. మీరు కూడా జూన్‌లోపు ఒకసారి మీ షాపు మేడ ఎక్కండి. నీటి గొట్టం ఎక్కడ తెగి ఉందో, గుంత మీద ఏం పెట్టారో చూడండి. ఆ పెద్దావిడ నాకు తన వంతు ఇచ్చింది. మన వంతు మనం పారబోయకుండా ఉంటే చాలు.