బొమ్మ కింది మాట

మాలూరు బస్టాండులో పత్రిక చదివేవారిని ఎప్పుడైనా గమనించారా? ఒకే బల్లమీద కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడేవారు కూర్చుంటారు. పత్రిక ఏ భాషదైనా వ్యంగ్యచిత్రం దగ్గర అందరి చూపూ ఆగుతుంది. బొమ్మకు భాష అక్కరలేదని మనం అనుకుంటాం. మన రాష్ట్రంలోని మైసూరులో 1921లో పుట్టిన ఆర్.కె. లక్ష్మణ్ చిన్నతనంలో ‘హిందూ’ పత్రికలో అప్పుడప్పుడు వచ్చే డేవిడ్ లో కార్టూన్లను ఇష్టంగా చూసేవారు. ‘లో’ అన్న ఇంగ్లీషు సంతకాన్ని చాలాకాలం ‘కౌ’ అని, అంటే ఆవు అని, చదువుకున్నారట! పేరు తెలియకపోయినా బొమ్మ ఆయనకు అందింది.

యుద్ధకాలంలో వార్తలపై ప్రభుత్వం కన్ను వేసి ఉంచుతుంది. జనం మనసులో ఏముందో బయటికి తెలియదు. అందుకే చరిత్రకారులు ఆనాటి కార్టూన్లను వెతుకుతారు. 1939 సెప్టెంబరు 20న లో గీసిన బొమ్మలో హిట్లరు, స్టాలిను టోపీలు తీసి ఒకరికొకరు వంగి వందనం చేసుకుంటారు. నోటితో మాత్రం తిట్టుకుంటారు. ఇద్దరి నడుమ నేలమీద పోలెండు శవం! అయితే ఇది ప్రజల అభిప్రాయమా, చిత్రకారునిదేనా? బొమ్మ ఒక్కటే చూస్తే తేలదని నా అభిప్రాయం.

1942 మార్చి 6న లండనులోని ‘డైలీ మిర్రర్’ పత్రికలో ఫిలిప్ జెక్ గీసిన కార్టూను వచ్చింది. చుట్టూ చీకటి సముద్రం. ఓడ మునిగిపోగా ఒక నావికుడు తెప్పను కరచుకొని పడి ఉన్నాడు. పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందని కింద ఒకే వాక్యం. నావికులు ప్రాణాలొడ్డి తెచ్చే పెట్రోలును వృథా చేయవద్దని జెక్ ఉద్దేశం. ప్రభుత్వానికి మాత్రం అది మరోలా కనిపించింది. కంపెనీల లాభం కోసం నావికులు చస్తున్నారని పత్రిక అంటున్నదని మంత్రులు మండిపడ్డారు.

ఆ కోపం నాకు బొమ్మకన్నా ఎక్కువ చెబుతుంది. లాభాల గురించి జనంలో అనుమానం ఉందన్న భయం లేకపోతే, ఒక్క పెన్నీ మాటలో పాలకులకు అంత అర్థం తోచేదా? ఆ వాక్యం తీసేసి చూడండి, మిగిలేది ఒక నావికుని కష్టమే.

హోంమంత్రి హెర్బర్ట్ మారిసన్ పత్రికను మూయించగలమని హెచ్చరించాడు. అది ఉత్తమాట కాదు. 1941 జనవరిలో ‘డైలీ వర్కర్’ను అలాగే మూయించారు. ఈసారి పార్లమెంటులో వాడిగా చర్చ జరిగింది. పలువురు సభ్యులు పత్రిక పక్షాన మాట్లాడారు. ‘మిర్రర్’ మూతపడలేదు.