అర్జీ వ్రాయుటయు చదువే

కచేరీ ముందు చెట్టునీడను కూర్చుండి అర్జీలు వ్రాసిపెట్టువారిని ఎరుగని తల్లిదండ్రులు మన కోరాపుట్టు, రాయగడ జిల్లాలలో అరుదు. పేరు, ఊరు, కష్టము చెప్పుకొని, అడిగిన రుసుము చెల్లించి, వ్రాసియిచ్చిన కాగితముపై సంతకము చేసివచ్చుట మనవారిలో పలువురకు అలవాటు. అందేమి వ్రాయబడినదో వారికి తెలియదు; ఒడియా లిపి రాదు. వారి బిడ్డలు పదవ తరగతి ముగించియు ఆ చెట్టు క్రిందికే పోవుచుండుట మాకు బాధ కలిగించుచున్నది.

పాఠశాలలలో రచన లేదని కాదు. వసంతఋతువును గూర్చి మన పిల్లలు రెండు పుటలు అవలీలగా వ్రాయుదురు. ఉపకారవేతనము రాలేదని నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో కలము ఆగిపోవును.

ఈ సీమ 1936 ఏప్రిల్ 1 వరకు మదరాసు రాష్ట్రమునందలి విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆనాడు ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైనది, కోరాపుట్టు జిల్లా ఏర్పడినది. 1954లో ఒడియా రాజభాష అయినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినది. మన ఇండ్లు కదలలేదు. కచేరీ భాష మారినది.

అయినను మనకు హక్కులు లేకపోలేదు. రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను పౌరుడు తన కష్టమును అధికారికి విన్నవించుకొనవచ్చును. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. అంతకు ముందే, 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక లెక్కను నిర్ణయించినది: ఒక భాషవారు పాఠశాల మొత్తముమీద 40 మందియైనను, ఒక తరగతిలో 10 మందియైనను ఉన్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను.

ఈ లెక్క తెలిసిన అర్జీకిని తెలియని అర్జీకిని గల భేదము చూడుడు. మాటవరుసకు ఒక ఊరివారు ఇట్లు వ్రాసిరనుకొందము: “మహారాజరాజశ్రీ అయ్యవారి దివ్యసముఖమునకు. మేము కడు బీదవారము. తమరే తల్లియు తండ్రియు. మా పిల్లలయందు దయయుంచి తెలుగు పంతులును దయచేయింప వేడుచున్నాము.” ఇది చదివి జాలిపడవచ్చునుగాని, ఏమి చేయవలెనో అధికారికి దీనివలన తెలియదు. ఇంకొక ఊరివారు ఇట్లు వ్రాసిరనుకొందము: “మా ఊరి ప్రాథమిక పాఠశాలలో తెలుగు మాతృభాషగా గల పిల్లలు 46 మంది, మూడవ తరగతిలోనే 12 మంది. పేర్ల పట్టిక జతపరచితిమి. తెలుగు ఉపాధ్యాయుని నియమింప కోరుచున్నాము.” దీనిని త్రోసివేయవలెనన్నను కారణము వ్రాయవలసి యుండును. వినయము వలదనుట మా అభిప్రాయము కాదు. ఒక్క “అయ్యా”తో వినయము తీరును; తక్కిన కాగితము విషయమునకు ఉండవలెను.

ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నకు మన పెద్దలలో పట్టుదల గలవారు “తెలుగుననే” అందురు. హక్కు కలదు, నిజమే. కాని పొరుగుననే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొనుడు. విద్యార్థులు వాడుకభాషలో వ్రాయుట తప్పు కాదని వాదించుచు 1913లో ఆయన సమర్పించిన విజ్ఞాపన ఇంగ్లీషున నున్నది. 1914లో విజయనగరమునుండి గురజాడ అప్పారావుగారు వ్రాసిన అసమ్మతి పత్రమును ఇంగ్లీషే. తెలుగుకొరకు వారికంటె ఎక్కువ పోరాడినవారెవరు? చదువువాడు మదరాసు ప్రభుత్వమని వారెరుగుదురు. కావున తెలుగు ప్రతిపై సంతకము చేసి, ఒడియా ప్రతిని దానికి జతపరచుట మేలని మా మతము. ఆ ఒడియా ప్రతిని మన పిల్లలే వ్రాయవలెను.

కొన్నిచోట్ల తెలుగు చెల్లనే చెల్లదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషలోగాని ఉండవలెను. రుసుము పది రూపాయలు. జవాబునకు గడువు 30 దినములు. వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో సమాచారాధికారియే దానిని వ్రాతలో పెట్టుటకు సాయపడవలెనని చట్టములో కలదు. ఈ సంగతి ఎరిగినవారు మన ఊళ్లలో ఎందరు?

నకలు ఉంచుకొనని అర్జీ నీళ్లలో వేసిన రాయి. చేతికిచ్చినప్పుడు నకలుపై ముద్ర, తేదీ వేయించుకొనవలెను. రిజిస్టరు తపాలా 2025 సెప్టెంబరు 1 నుండి స్పీడుపోస్టులో కలిసిపోయినది. ఆ రసీదునే భద్రపరచవలెను. ఈమెయిలు పంపువారు విషయమను గడిని ఖాళీగా విడువరాదు.

ఉద్యోగముల మాటయు ఇట్టిదే. జేకేపురము కాగితపు మిల్లునకైనను, తేరుబలి ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారమునకైనను, సునాబెడ విమాన కర్మాగారమునకైనను, దమంజోడి అల్యూమినియము సంస్థకైనను దరఖాస్తు ఇంగ్లీషుననే పోవలెను. ఒకరు వ్రాసినదానిని పదిమంది చూచి వ్రాయుటచే అన్నియు ఒక్కతీరున నుండును. ఏ పని వచ్చునో, ఎక్కడ నేర్చితినో చెప్పిన రెండు సొంత వాక్యములు వానికన్న మెరుగు.

ఎనిమిదవ తరగతినుండి వారమునకొక గంట దీనికి కేటాయింపవలెనని మేము కోరుచున్నాము. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు ఉపాధ్యాయులు మువ్వురును ఆ గంటలో కూర్చుండవలెను. ఒకే జాబును మూడు భాషలలో వ్రాయింపవలెను. కల్పితమైన జాబులు వలదు. తల్లిదండ్రులారా, మీ ఇంట జవాబు రాక పడియున్న కాగితములను, హెచ్చుగా వచ్చిన కరెంటు బిల్లులను, పేరు తప్పుపడిన రేషను కార్డులను పిల్లల చేతికిచ్చి పంపుడు. మొదటి పాఠము వానితోనే మొదలగును.